కిటికీ కింద బ్యాండు

“అమ్మా, మా ఉయ్యాల లేదు.”

చిన్నోడు ఏడుపు మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు.

టైలరమ్మ మిషను ఆపి మెట్ల కిందికి పరుగెత్తింది. నిన్నటిదాకా పాత దుప్పటి ఉయ్యాల వేలాడిన చోటు బోసిగా ఉంది. ఉయ్యాల కట్టిన ఇనుప కడ్డీ కూడా లేదు. దుప్పటి మాత్రం మడతపెట్టి మెట్టు మీద ఉంది.

“ఓనరుగారు తీయించేశారు,” అంది పెద్దపిల్ల. “పొద్దున గుడ్లగూబే ఆయన్ని పిలుచుకొచ్చి చూపించాడు. నేను చూశా.”

గుడ్లగూబ అంటే కింది వాటాలో కొత్తగా దిగిన మనిషి. ఆ పేరు పెట్టింది టైలరమ్మే. సందెవేళ బయటికి పోతాడు, తెల్లారాక ఎర్రటి కళ్ళతో తిరిగొస్తాడు, పగలంతా పరదా వేసుకుని పడుకుంటాడు. పేకాటరాయుడని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

మొన్న ఒకసారి గుమ్మం దాకా వచ్చి, “పిల్లల్ని కాస్త నెమ్మదిగా ఆడుకోమంటారా అమ్మా?” అన్నాడు చేతులు నలుపుకుంటూ.

సరేనని తలూపింది. ఇప్పుడు వెనకనుంచి ఈ పని చేశాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

వేసవి సెలవులు. చుట్టుపక్కల పిల్లలు కొందరు ఈతకెళ్ళారు, కొందరు బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నారు. ఆమె పిల్లలకు ఆ యోగం లేదు. మొగుడు లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. అందుకని ఆటలన్నీ తనే పుట్టించేది. బొత్తాలతో దుకాణం, గుడ్డపీలికలతో బొమ్మలు, అట్టపెట్టెలతో ఊరు. అన్నిటికన్నా పిల్లలు ప్రాణం పెట్టుకున్నది ఆ ఉయ్యాల మీదే.

“వాడికి నిద్ర కావాలా? ఎలా పడుకుంటాడో నేనూ చూస్తా,” అంది పళ్ళు కొరుకుతూ.

ఆ మధ్యాహ్నమే కొత్త ఆట పుట్టింది.

ఖాళీ డబ్బాలు, మూతలు, గరిటెలు వసారాలో కుప్పపోసింది. “బ్యాండు మేళం. గుడ్లగూబ కిటికీ కింద వాయించాలి. ఎవరు గట్టిగా వాయిస్తే వాళ్ళే బ్యాండు మాస్టరు.”

పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? వీధిలో మిగిలిన పిల్లలు కూడా వచ్చి చేరారు.

మిషను తొక్కుతూ ఆమె ఆ మోత విన్నది. మామూలుగా అయితే తలనొప్పి వచ్చేది. ఆ రోజు ఒక్కో దెబ్బా గుండెకు చల్లగా తగిలింది.

మర్నాడు రైలాట. డబ్బాలన్నీ తాడుకు కట్టి గచ్చు మీద ఈడ్చుకుంటూ తిరిగారు. ఆ తర్వాత కిటికీ ఊచల మీద కర్ర గీసుకుంటూ పరుగు పందెం. అన్నిటికీ నాందీ ఆమెదే. అంత చక్కటి ఆటలు ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదా అనుకుంది.

ఒకనాడు కింది తలుపు తెరుచుకుంది. పిల్లలు బిగుసుకుపోయారు. గుడ్లగూబ వంగి చిన్నోడి చేతిలో డబ్బా చూశాడు.

“ఈ అంచు పదునుగా ఉంది నాన్నా, చెయ్యి తెగుతుంది. తిరగేసి వాయించు.”

అంతే. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

“వాడి వెటకారం చూశారా,” అంది టైలరమ్మ పై నుంచి. “ఆపకండిరా. ఇంకా గట్టిగా.”

పెద్దపిల్ల మేళంలోంచి తప్పుకుని పైకొచ్చింది. “పాపం కదమ్మా? తడిగుడ్డ నెత్తికి చుట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు.”

“మన ఉయ్యాల పీకించినప్పుడు మనం పాపం కాదా? వెళ్ళు, వెళ్ళి వాయించు.”

సెలవులు ముగియకుండానే అతను ఓడిపోయాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట ఆటోలో పెట్టుకున్నాడు. ఎక్కబోతూ పైకి చూసి, ఆమె కనబడితే తలూపాడు. ఆమె తటాలున పరదా లాగేసింది.

ఆ రోజు పిల్లలకు పుల్ల ఐసు కొనిపెట్టింది. ఆ సెలవుల మొత్తంలో ఆమె చేసిన దుబారా అదొక్కటే.

సాయంత్రం ముసలి ఓనరు కింది వాటాకు తాళం వేయడానికి వచ్చాడు. ఆమె ఉత్సాహంగా మెట్లు దిగింది.

“పీడ వదిలింది ఓనరుగారూ.”

“ఎవరమ్మా పీడ?”

“ఇంకెవరు, ఆ పేకాటరాయుడు. మా ఉయ్యాల పీకించినవాడు.”

“పేకాటేంటి? అంబులెన్సు డ్రైవరు. రాత్రి డ్యూటీ.”

“మరి మా ఉయ్యాల ఎందుకు పీకించాడు?” అంది టైలరమ్మ.

“ఆ కడ్డీ తుప్పుపట్టి పైకొస ఊడిపోయింది. పిల్లలు ఊగుతుంటే అది కదలడం డ్యూటీకి వెళ్తూ చూశాట్ట. డ్యూటీ దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. నేను ముట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చింది.”

“నాతో ఒక్క మాట చెప్తే...”

“అతను చెప్తానన్నాడు. నేనే చెప్తాలే అన్నాను. మర్చిపోయాను. ముసలితనం.”

ఓనరు ఆ వాటా కిటికీ మూశాడు. గొళ్ళెం పెట్టాడు.

“మొన్న నిద్ర తూగి బండిని గట్టుకేసి కొట్టబోయాట్ట. లోపల నెలలు నిండిన మనిషి ఉంది. ఎలాగో తప్పింది. ఇక ఇక్కడుంటే ఎవరి ప్రాణమైనా తీస్తానండీ అని వచ్చి కూర్చున్నాడు.”

గచ్చు మీద పడున్న డబ్బాను ఆమె కాలితో పక్కకు నెట్టింది.

“దాచడం దేనికమ్మాయ్, మీ చేత వాటా ఖాళీ చేయిస్తానని, అతన్నే ఉండమన్నాను.”

“ఏమన్నాడు?” అంది ఆమె.

ఓనరు తాళం వేసి, ఒకసారి లాగి చూశాడు.

“‘సెలవుల్లో ఆ పిల్లలకు ఆడుకోడానికి ఈ కాస్త చోటే ఉందండీ, నేనొక్కణ్ణే కదా, ఎక్కడైనా పడుకుంటాను’ అని, మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదపనని నా చేత మాట ఇప్పించుకుని మరీ వెళ్ళాడు.”