ఎండ తగిలితే పలికేది

"చచ్చిపోయిందన్న ఉపగ్రహం మాట్లాడుతోందమ్మా!"

ఉపగ్రహ కేంద్రం గేటు దగ్గర ముసలాయన మాటకు యువ శాస్త్రవేత్తకు నవ్వొచ్చింది. ఆ వాతావరణ ఉపగ్రహం మూగబోయి ఇరవై ఏళ్లు.

"మీరెవరండీ?"

"రేడియోలు బాగుచేస్తుంటాను. ఒక్కసారి వినండి."

పాత టేప్‌రికార్డర్ నొక్కాడు. టిక్కుటిక్కుమంటూ సన్నటి కూత.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎనిమిదొందల యాభై కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా తిరుగుతోంది. నూట రెండు నిమిషాలకో చుట్టు. ఎండ తగిలినంతసేపే పలుకుతుంది, భూమి నీడలోకి వెళ్లగానే గొంతు పడిపోతుంది. అంటే పోయింది బ్యాటరీ; ఇన్నేళ్లకు అది పూర్తిగా తెగిపోయి, సౌరఫలకాల కరెంటు నేరుగా అందుతోంది. ట్రాన్స్‌మీటర్ నిక్షేపంలా ఉంది."

తొమ్మిది నెలల లెక్కలు రాసిన నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టాడు.

"మీరే పైవాళ్లకు చెప్పండమ్మా. నేను చెబితే వినరు."

"మీ పేరుతోనే చెబుతాను తాతగారూ. నాదీ పూచీ."

నెల తిరగకుండానే పేపర్లో ఆమె ఫొటో వచ్చింది. మూగ ఉపగ్రహం ఆచూకీ పట్టిన యువ శాస్త్రవేత్త! రేడియో తాతగారి ఊసే లేదు.

మర్నాడే ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆమె తల దించుకుంది. "పైవాళ్లు మీ పేరు ఒప్పుకోలేదు తాతగారూ," అని అబద్ధమాడింది.

"పేరెందుకమ్మా నాకు? నివేదికలో ఒక్క ముక్క రాయండి. ట్రాన్స్‌మీటర్లో లోపం లేదని. అంతే."

"అది అచ్చుకెళ్లిపోయింది. ఇప్పుడు మారిస్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. ఆ ఒక్క ముక్కతో మీకేం పని?"

ఆయన వెనుదిరిగాడు.

"మిమ్మల్ని నమ్మానమ్మా," అని మాత్రం అన్నాడు.

మళ్లీ రాలేదు.

మూడు నెలల తర్వాత డైరెక్టర్ పిలిచాడు. "ఇంతకీ అప్పట్లో అదెందుకు మూగబోయిందట?"

పూర్తి జవాబు తెలిసిన మనిషి ఒక్కడే. ఆమె ఆయన కొట్టు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపులు మూసున్నాయి.

"ఆయన పోయి పదిరోజులైందమ్మా," అన్నాడు పక్కకొట్టు దర్జీ.

ఆమె ఆఫీసుకు తిరిగొచ్చి, రికార్డుల గదిలో పాత విచారణ ఫైలు తీసింది.

'ట్రాన్స్‌మీటర్లో టంకం సరిగా వేయనందువల్లే ఉపగ్రహం మూగబోయింది. బాధ్యుడైన టెక్నీషియన్ను ఉద్యోగం నుంచి తొలగించడమైనది.'

ఆ వాక్యం కింద అతికించిన ఫొటోలో, నల్లటి జుట్టుతో, రేడియో తాతగారు.