కుర్చీకి అర మిల్లీమీటరు

బేరింగుల కొట్టతను బల్ల మీద పెట్టిన బాల్ స్క్రూ అనే ఖరీదైన మరల కడ్డీని, కొనడానికొచ్చిన ఆఫీసు గుమాస్తా అందుకోబోతుంటే, పక్కన స్టూలు మీదున్న ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది దేనికి బాబూ?"

గుమాస్తాకి ఒళ్ళు మండింది. ఏ కొట్టుకెళ్ళినా ఉచిత సలహాలకి కొదవ లేదు. ఈయన్ని అందరూ స్టూలు తాత అంటారు. కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, పొద్దస్తమానం అక్కడే.

"ఇంట్లో సీఎన్సీ మిషను కడుతున్నానండీ. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చెక్కని అదే కోస్తుంది."

"ఇంతకుముందు ఏమైనా కట్టావా?"

"లేదు. ఇదే మొదలు."

"ఎంత కచ్చితంగా కొయ్యాలి?"

"మిల్లీమీటరులో వందో వంతు కూడా తేడా రాకూడదు," అన్నాడు గుమాస్తా, కాస్త గొప్పగానే.

"ఏం చేస్తావు దాంతో?"

గుమాస్తా గొంతు తగ్గింది.

"మా పాపకి కుర్చీ, బల్ల. వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. సెలవుల్లో పది రోజులు నా దగ్గరికొస్తుంది. పోయినసారి, 'ఇక్కడ నేనెక్కడ కూర్చోవాలి నాన్నా?' అని అడిగింది."

ముసలాయన స్క్రూని పక్కకి జరిపాడు.

"కుర్చీకి అర మిల్లీమీటరు చాలు బాబూ. వానాకాలం వస్తే చెక్కే అంతకంటే ఎక్కువ ఉబ్బుతుంది. దీని బదులు మామూలు థ్రెడ్డు రాడ్డు వేసి వారంలో కట్టెయ్యి."

"చేసేదేదో సరిగ్గా చెయ్యాలి కదండీ."

"నువ్వు వందో వంతు పట్టేలోపు పాప జానెడు పెరిగిపోతుంది. పోనీ, రేపు మీ ఇంటికి రానా? ఇద్దరం కలిసి కడదాం. నాకూ పనేం లేదు."

"వద్దులెండి, మీకెందుకు శ్రమ," అని గుమాస్తా స్క్రూ పట్టుకుని బయటపడ్డాడు. నా కూతురి సంగతి ఈయనకెందుకట అని దారి పొడుగునా గొణుక్కున్నాడు.

అతనుండే ఒంటి గదిలో మంచం గోడ వారకి జరిగింది. మిషను నడిమధ్య కూర్చుంది.

స్క్రూ కుదిరితే పట్టాలు వంకర. పట్టాలు సరిచేస్తే మోటారు అదురు. ఆఫీసు నుంచి వచ్చి తలుపేసుకుంటే మర్నాడు మళ్ళీ ఆఫీసుకే తీసేవాడు. ఆ గదిలో మాట్లాడేది మిషనొక్కటే.

సెలవులొచ్చాయి.

"ఇల్లంతా సామానే. ఈసారికి పంపకు," అని తనే పాప తల్లికి ఫోను చేశాడు.

మరుసటేడూ అదే మాట చెప్పాడు.

ఆ తర్వాత ఒకనాడు మిషను దారికొచ్చింది. పాత కొలతలతోనే కుర్చీ, బల్ల కోశాడు. వెంట్రుక దూరే సందు లేకుండా అమిరాయి. ఆ పూట గుమాస్తా కాళ్ళు నేల మీద నిలవలేదు.

పాప వచ్చింది. కూర్చుంది. మోకాళ్ళు బల్లకి తగిలాయి.

"బాగుంది నాన్నా," అని లేచి, మంచం అంచున ఒదిగి కూర్చుంది. కాసేపాగి, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అంది.

మొదటిసారి గుమాస్తాకి స్టూలు తాత మాట నిజమనిపించింది. ఆ మాట ఆయనతోనే చెప్పాలనీ, కొత్త కుర్చీకి సాయం రమ్మనాలనీ అనిపించింది.

పాపని దిగబెట్టిన మర్నాడే కొట్టుకి వెళ్ళాడు.

"తాత రాలేదా?"

"పోయారండీ. నెల దాటింది. మీ మిషను ఏమైందో అని చివరిదాకా అడుగుతూనే ఉన్నారు."



"ఊసుపోక కూర్చున్న మనిషనుకున్నాను," అన్నాడు గుమాస్తా.

"అందరూ అంతే అనుకున్నారు," అన్నాడు కొట్టతను. "దేశంలో కొలిచే పరికరాలన్నిటినీ సరిచూసే ఆఫీసు ఉందే, దానికి ముప్పై ఏళ్ళు ఆయనే పెద్ద. వెంట్రుకలో వందో వంతు తేడా కూడా ఆయన కళ్ళు దాటేది కాదు గానీ, ఆ ధ్యాసలో పడి, ఉన్న ఒక్క కూతురూ ఎప్పుడు పెరిగి, ఎప్పుడు వెళ్ళిపోయిందో చూసుకోలేదట."