శభాష్ చెప్పే గోడ

కొత్త ఫ్లాట్లన్నిటికీ ఇప్పుడు మాట్లాడే గోడలే. కాకినాడలో సువర్చల ఇంటి గోడ, ఆమె కుక్కపిల్ల బుడంకాయకి వారం తిరక్కుండానే బాల్కనీలోని ట్రేలో ఉచ్చ పోయడం నేర్పేసింది. ట్రేలో పోసినప్పుడల్లా "శభాష్ బుడంకాయా, మంచిదానివి" అని ఒక బిస్కెట్టు రాలుస్తుంది.

తుడిచే బాధ తప్పిందని సువర్చల కూడా సంతోషించింది. కానీ ఆ ఉదయం ఆమె బాత్రూంలో లైటు ఆర్పి బయటికి రాగానే గోడ, "శభాష్ సువర్చలా, మంచిదానివి" అంది. కాళ్ళ దగ్గర ఒక బిస్కెట్టు పడింది.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇద్దరు కోడళ్ళకి అత్తని. నన్ను పట్టుకుని మంచిదానివంటుందేంటండీ ఇది? కుక్కా నేనూ ఒకటేనా?" అంటూ భర్త గదిలోకి వెళ్ళింది.

కామేశం అప్పుడే తడి తువ్వాలు దండెం మీద ఆరేసి, గోడకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. పక్కనే బుడంకాయ కూడా అలాగే చూస్తోంది.

"శభాష్ కామేశం," అంది గోడ. రాలిన బిస్కెట్టు ఆయన నోట్లో వేసుకున్నాడు.

"తడి తువ్వాలు మంచం మీద పడెయ్యొద్దని ముప్పై ఏళ్ళు మొత్తుకున్నాను. నా మాటకి రాని బుద్ధి దీని బిస్కెట్టుకి వచ్చిందా మీకు?"

"బానే ఉందే. జీడిపప్పుది," అన్నాడాయన.

సువర్చల విసురుగా వెళ్ళి గోడ స్విచ్చి మీద చెయ్యి వేసింది. అంతలో, రేపు మళ్ళీ మంచం మీద పడబోయే తడి తువ్వాలు ఆమె కళ్ళ ముందు మెదిలింది. పళ్ళు కొరుక్కుంటూ చెయ్యి దించేసింది.

"శభాష్ సువర్చలా," అంది గోడ.

ఈసారి రెండు బిస్కెట్లు పడ్డాయి.