వేరు పట్టేదాకా

"జాయింట్లు ఒకే వరసలోకి రాకూడదయ్యా. గోడ కట్టేటప్పుడు ఇటుకలు ఇలాగే పేరుస్తావా?"

తాపీమేస్త్రి నాలుక కరుచుకుని, పరిచిన గడ్డి చాపను సగం పక్కకు జరిపాడు. ఆఫీసు ముందు ఖాళీ స్థలంలో అతనూ తోటమాలీ పొద్దుటి నుంచి లాన్ వేస్తున్నారు. మట్టితో సహా కోసి తెచ్చే ఈ గడ్డి చాపలు రావాల్సినదానికంటే వారం ఆలస్యంగా వచ్చాయి. తోటమాలి దిగులంతా అదే.

"ఎన్నాళ్లకు వేరు పడుతుందన్నా?"

"పద్నాలుగు రోజులు. అంచు పట్టుకు లాగితే చాప లేవకూడదు. అప్పుడు పట్టినట్టు."

"నువ్వుండేది పన్నెండేగా."

"తెలుసులే."

"అక్కడ వదిన రోజులు లెక్కపెడుతుంటే నువ్విక్కడ గడ్డిపరకలు లెక్కపెట్టు."

తోటమాలి వాల్వు తిప్పాడు. నాలుగు స్ప్రింక్లర్లు లేచి తిరిగాయి. గోడ మూలకు మాత్రం నీళ్లు అందలేదు. పైపు పొడిగిద్దామంటే సామాను లేదు. ఆ రోజు నుంచి ఆ మూలకు పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు తనే మోశాడు. జీవితంలో సగంలో వదిలేసినవి చాలానే ఉన్నాయి. ఇది ఆ జాబితాలో చేరకూడదనుకున్నాడు.

పదో రోజుకు మిగతా చాపలు గట్టిపడ్డాయి. మూలది లాగితే దుప్పటిలా లేచి వచ్చింది.

మధ్యాహ్నం ఆఫీసులో పెద్దసారుకు కాగితం రాసిచ్చాడు, ఇంకో రెండు రోజులు ఉండనివ్వమని. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇంట్లో చెప్పావా?"

"ఫోన్‌లో చెప్పాను సార్. 'ఇన్నేళ్లు ఆగిన నాకంటే ఆ గడ్డి ఎక్కువైందా' అంది."

"అడిగినదాంట్లో తప్పేముంది? పైనుంచి ఆర్డరు వచ్చేసింది. ఒక్కపూట ఎక్కువ ఉంచినా నా మెడకు చుట్టుకుంటుంది. మంగళవారం పదింటికి నువ్వు వెళ్లాలి."

"మేస్త్రికి సిమెంటు తప్ప ఏదీ గుర్తుండదు సార్. మూల ఎండిపోతుంది."

"నేను పోస్తాను."

తోటమాలి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "పూటకు రెండు బకెట్లే సార్. ఎక్కువైతే కుళ్లుతుంది."

"వెళ్లేముందు నాకే పని పురమాయిస్తున్నావన్నమాట."

మంగళవారం తొమ్మిదిన్నరకు తోటమాలి ఇస్త్రీ చొక్కాతో మూలన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాప ఒక అంచు లాగాడు, లేచింది. రెండో అంచు లాగాడు, లేవలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. మట్టి కదిలింది కానీ గడ్డి వదల్లేదు.

"పట్టిందన్నా. ఇక కదులు, వదిన బయట నిలబడి గంటయింది" అన్నాడు మేస్త్రి.

పెద్దసారు అప్పటికే బకెట్ నింపుకొచ్చారు. తోటమాలి రాసిన కాగితాన్ని ఆయన ఫైల్లో పెట్టలేదు, తన సొరుగులో ఉంచుకున్నారు.

విడుదల వాయిదా వేయమని అడిగిన ఖైదీని ఆయన అంతవరకు చూడలేదు.