వల కింద గింజలు

"ఇదిగో, నీ వల కిందే గింజలు!"

డిపార్ట్‌మెంటు హెడ్ రామమోహన్ ఎండిన కుసుమ పువ్వును బల్ల మీద చిదిమాడు. తెల్లటి గింజలు జలజలా రాలాయి.

నీలిమ ఒక గింజ తీసి చూసింది. తేనెటీగ వాలకపోతే ఈ కుసుమ గింజ కట్టదని ఏడాదిగా వాదిస్తున్నది ఆమే. రుజువు కోసం ముళ్ల రకం, ముళ్లు లేని రకం రెండింట్లోనూ ఈగ దూరకుండా మొక్కమొక్కకూ విడిగా వల తొడిగింది.

"ఈ మాంద్యంల డిపార్ట్‌మెంటుకొకర్ని తీసెయ్యమన్నరు. ఈగలతోని పని లేదని తేలినంక, నిన్నెట్ల ఉంచుకోవాలె?"

బల్ల మీద ఉద్యోగం నుంచి తీసేసే లెటర్ సిద్ధంగా ఉంది. నీలిమ భర్త ఉద్యోగం వేసవిలోనే ఊడింది. ఇదీ పోతే ఈ పరాయి దేశపు డ్రోహెడా ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి పెట్టేబేడా సర్దుకోవడమే.

"ముళ్ల రకంలో ఒక్క గింజైనా ఉందా సార్?"

"లేదు. ముళ్లు లేనిదాంట్లనే ఉన్నయ్. దాని పువ్వు నోరు వెడల్పు, పుప్పొడి తనంతట తనే అందుకుంటది. సింపుల్!"

"మరి అదే రకంలో గోడవార రెండు మొక్కలున్నాయి కదా? అదే పువ్వు, అదే నోరు. గింజలు సున్నా! మిగతావాటికి ఎవరో వల ఎత్తారు సార్."

"తోట తాళంచెవులు రెండే. ఒకటి నీ దగ్గర, ఒకటి ఈ పక్కనే మా ఇంట్ల. దొంగ నువ్వా, నేనా?" రామమోహన్ నవ్వాడు. "రుజువు చూపెట్టు, లెటర్ నేనే చింపుత."

నీలిమకు ఒళ్లు మండింది. ఆయన మొహం చూడలేక తల తిప్పుకుంది. కంప్యూటర్ పక్కన బుల్లి లక్ష్మీదేవి పటం, దాని ముందు వాడిపోయిన పసుపుపచ్చ కుసుమ పువ్వు. చూడగానే ఆమెకు ఈల వేయాలనిపించింది.

"ఆ పువ్వెక్కడిది సార్?"

"శ్రావణ శుక్రవారం పూజది. అమ్మ ఇచ్చింది." అంటూనే ఆయన పువ్వును చేతిలోకి తీసుకున్నాడు. మొహం మాడింది. ఫోన్ తీసి స్పీకర్ నొక్కాడు.

"అమ్మా, శ్రావణంల పూజకు పూలు యాడియి?"

"యాడియేందిరా, నీ తోటలయే!" సరోజమ్మ గొంతు ఖంగుమంది. "శుక్రవారం శుక్రవారం వల లేపి తెంపుకొచ్చిన. తేనెటీగలు ఒకటే ముసురుడు! ముళ్లయి అమ్మవారికి పెట్టరాదని ముట్టలే."

నీలిమ లెటర్‌ను ఆయన ముందుకు జరిపింది. ఆయన బింకం మాత్రం సడల్లేదు.

"మరి గోడ పక్కన రెండు చెట్లు?"

"అవి నాకు అందలే బిడ్డా!"