చావని విలుకత్తె

పద్నాలుగు ఆదివారాలు. పద్నాలుగు చావులు. అందులో ఒక్కటీ అబిగయీలుది కాదు.

అదృష్టం అనుకుంటే గొడవే లేదు. కానీ ఆమె తోటపల్లి గూడూరులో రొయ్యల ల్యాబు ఉద్యోగి. గుంట నీళ్ళలో ఉప్పెంతో, రొయ్యకు రోగమేదో రోజంతా తేల్చే మనిషి. అలాంటి మనిషికి అదృష్టం మీద అంత తేలిగ్గా నమ్మకం కుదరదు.

ఆట చిన్నదే. ఎవరి వీరుణ్ణి వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి. పేరు, ఆయుధం, బలం, బలహీనత. కథ నడిపేది చంద్రమౌళి, ఊళ్ళో రొయ్యల గుంటల ఆసామి. ముందు ఒక అట్ట అడ్డం పెట్టుకుని, దాని వెనక రాక్షసుల తరపున ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. పద్దెనిమిదికి తక్కువ పడితే దెబ్బ తప్పినట్టు. పద్దెనిమిదీ ఆ పైనా పడితే ఎదురున్న వీరుడు చచ్చినట్టు. ఒకరు చావగానే ఆనాటి పోరు అయిపోతుంది. చచ్చినవాళ్ళు పై వారానికి కొత్త వీరుణ్ణి రాసుకురావాలి.

చంద్రమౌళి మేనత్త కూతురు సుప్రియ ఇప్పటికి ఎనిమిది మందిని పోగొట్టుకుంది. రొయ్యల మేత అమ్మే పెంచలకృష్ణ ఆరుగురిని. అబిగయీలు విలుకత్తె మాత్రం చేరిన రోజు రాసిన కాగితం మీదే ఉంది. కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది గానీ విలుకత్తె చావడం లేదు.

"నీది గట్టి పిండం అబీ," అనేవాడు పెంచలకృష్ణ ప్రతి వారం.

ప్రతి ఆదివారం సాయంత్రం చర్చి పక్క కాలనీలోని ఇంటికి చేరగానే తల్లి పిచ్చమ్మ కూడా ఒకటే అడిగేది.

"ఈ వారమన్నా చచ్చినావా పాపా?"

"లేదమా."

"ఏం ఆటో, ఏమో." పిచ్చమ్మ పెదవి విరిచి లోపలికి పోయేది.

అనుమానం పెనుభూతం. పదమూడో ఆదివారం అబిగయీలు పాచికను ఎవరికీ చెప్పకుండా బ్యాగులో వేసుకుంది. మర్నాడు ల్యాబులో గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి, పాచిక పైకి తేలేదాకా ఉప్పు కలిపింది. లోపల ఒక పక్క బరువు దాచి ఉంటే, ఎన్నిసార్లు కదిపినా అదే అంకె పైకి రావాలి. నలభైసార్లు కదిపింది. నాలుగు, పంతొమ్మిది, పదకొండు, ఇరవై. ఒక్కోసారి ఒక్కో అంకె.

పాచికలో పాపం లేదు. ఇక మిగిలింది దాన్ని చదివే నోరు.

పద్నాలుగో వారం పాచికను చప్పుడు కాకుండా పెట్టెలో పెట్టేసి, చంద్రమౌళి మొహమే చూస్తూ కూర్చుంది. మిగతా ఇద్దరి వంతప్పుడు అతను అంకె టక్కున చెప్పేస్తున్నాడు. ఆమె వంతు వచ్చేసరికి గొంతు సర్దుకుంటున్నాడు.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. తాను బాగా ఆడి బతుకుతోందా, వీళ్ళు దయతలచి బతికిస్తున్నారా? దయే అయితే ఆ బతుకు ఆమెకు వద్దు. అందరిలాగా చచ్చే వంతు తనకూ వస్తేనే కదా, తానూ వాళ్ళలో ఒకతి అయినట్టు!

పదిహేనో ఆదివారం పెంచలకృష్ణ ఇంట్లో కలిశారు. వాళ్ళమ్మ పెట్టిన చేపల పులుసు తిని, వసారాలో చాప మీద ఆటకు కూర్చున్నారు. కథలో, ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి తాటిచెట్టంత పీత లేచింది. నేరుగా విలుకత్తె మీదికే వచ్చింది. అట్ట వెనక పాచిక గలగలమంది.

చంద్రమౌళి గొంతు సర్దుకున్నాడు. "ఆరు. తప్పింది. ఎగిరి పక్కకు దూకేసినావు అబీ!"

అబిగయీలు చెయ్యి చాచి అట్ట లాగేసింది.

పంతొమ్మిది.

సుప్రియ, పెంచలకృష్ణ పాచిక వైపు చూడనైనా చూడలేదు. అంటే వాళ్ళకూ తెలుసు.

"ఎన్నాళ్ళ నుంచన్నా?"

"అట్లా కాదు అబీ..."

"నేను చేరినప్పటి నుంచేనా?"

"నీ మీద ప్రేమతోనే కదా," అంది సుప్రియ. "నీ విలుకత్తె అంటే మాకు ప్రాణం. చంపబుద్ధి కాలా."

"బతికించినందుకు కూడా తగువేనా?" పెంచలకృష్ణ నవ్వబోయాడు. "మాకెవురూ ఇంత మర్యాద చెయ్యలా తల్లీ."

అబిగయీలుకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పంతొమ్మిది పడింది కదన్నా. చంపు."

"ఈసారికి వదిలేద్దాంలే."

"చంపన్నా."

చంద్రమౌళి తల వంచుకున్నాడు. "విలుకత్తె చచ్చిపోయింది," అన్నాడు నెమ్మదిగా.

ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. చచ్చినందుకు అంత సంబరపడిన మనిషిని ఆ ఆటలో ఎవరూ చూడలేదు. వెంటనే ఫోను తీసింది.

"అమా! చచ్చిపోయినా!"

"నిజంగానా పాపా!" పిచ్చమ్మ కేక వసారా అంతా వినిపించింది.

ఫోను పెట్టేసి తలెత్తేసరికి మిగతా ముగ్గురూ లేచి నిలబడి ఉన్నారు. వచ్చే ఆదివారం ఇంట్లో నోము ఉందని సుప్రియకు అప్పుడే గుర్తొచ్చింది. పెంచలకృష్ణకు పొరుగూళ్ళో పెళ్ళి.

"కొన్నాళ్ళు ఆట ఆపుదాం," అన్నాడు చంద్రమౌళి, పాచిక జేబులో వేసుకుంటూ. "గుంటల్లో రొయ్యలు పట్టుబడికొచ్చినాయి. తీరిక ఉండదు."

ఎవరి వీరుడు చస్తే వచ్చే ఆదివారం అందరూ వాళ్ళింట్లోనే భోజనం చేయాలన్నది, అబిగయీలు చేరకముందు నుంచీ ఆ ముగ్గురూ తప్పకుండా పాటిస్తూ వచ్చిన నియమం.