కింది మెట్లు

గుణదల చర్చిలోకి పెళ్లికూతురు అడుగుపెట్టగానే జకరయ్య మాస్టారి కరెంటు హార్మోనియం ఉరిమింది. బెంచీలు అదిరాయి. ఇరవై ఏళ్లుగా సన్నగా, తియ్యగా వాయించిన చెయ్యి అది!

పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చాడు.

“ఎమర్జెన్సీ కూడా ఇంత భయపెట్టలేదండీ మాస్టారూ! ఇది పెళ్లా, భూస్థాపనా? ఇట్టా వాయిస్తే ఇంకెవరూ పిలవరు మిమ్మల్ని.”

“కాలం మారిందండీ. ఇప్పుడిదే ఫ్యాషను,” అంటూ మాస్టారు హార్మోనియం మీద ఇంకా కింది మెట్లకు, మంద్రస్వరాల్లోకి దిగాడు.

“ఈ వయసులో ఫ్యాషనేంటో!” అని ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఆయన భార్య శౌరమ్మ మాత్రం స్పీకరు పెట్టెకు వీపు ఆనించి కూర్చుని తల ఊపుతోంది. పాట ఆగగానే చర్చంతా దద్దరిల్లేలా అరిచింది.

“ఏవయ్యోయ్! రెండేళ్లనించీ నీ వేళ్లు కదలటమే చూస్తన్నా. ఇవాళ నా వీపుకి వినబడిందయ్యా పాట!”